తొడ దానంతట అదే మానింది, చేయి ఎందుకు మానలేదు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కాకినాడ దగ్గర ఒక పల్లెటూరు. మా పాపకి ఐదేళ్ళు. నాలుగు నెలల కిందట మా అత్తగారు గంజి వారుస్తుంటే పాప వెనక నుంచి పరిగెత్తుకొచ్చి ఆవిడ కొంగు లాగింది. వేడి గంజి పాప మెడ మీద, ఎడమ చేతి మీద పడింది. కంగారులో టూత్‌పేస్ట్ రాసి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మెడ మీదది పన్నెండు రోజుల్లో మానిపోయింది. చేయి మానలేదు. మూడో వారంలో తొడ నుంచి చర్మం తీసి చేతికి వేశారు. చర్మం తీసిన తొడ మాత్రం రెండు వారాల్లో దానంతట అదే మానింది. మరి చేయి ఎందుకు మానలేదు? ఇప్పుడు చేతి మీద చర్మం గట్టిగా, మెరుస్తూ ఉంది. మోచేయి పూర్తిగా చాపలేకపోతోంది. రాత్రంతా దురద. తొడ మీద తెల్లగా ఉన్న చోట నల్ల చుక్కలు వస్తున్నాయి, అవేమిటోనని భయం. బంధువు ఒకాయన చెప్తే ఒక క్లినిక్‌కి వెళ్ళాం. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు ఆరు చేస్తే చర్మం మామూలుగా అయిపోతుందని, వెంట్రుకలు కూడా వస్తాయని చెప్పి ఫోన్‌లో ఒక ఎలుక వీడియో చూపించారు. రెండు లక్షలు అడిగారు. నా గాజులు అమ్మేద్దామనుకుంటున్నాం. మా అత్తగారు మాత్రం నా చర్మం కోసి పిల్లకి వేయండి అని ఏడుస్తోంది, సరిగ్గా తినడం లేదు. ఆపరేషన్ అప్పుడే ఇస్తానంటే డాక్టర్లు వద్దన్నారట. ఎందుకు? ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు గాజుల సంగతి. అమ్మకండి. ఆ ఇంజెక్షన్లతో కాలిన చర్మం మామూలు చర్మంగా మారుతుందనడానికి నమ్మదగిన రుజువు లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ఈ నాలుగు నెలల్లో పాప ఒంట్లో ఏం జరిగిందో తెలియాలి. మీరు అడిగిన మిగతావాటికి కూడా జవాబు అక్కడే ఉంది.

మన చర్మం పైపొర చాలా పలచన. అరచేతులు, అరికాళ్ళు వదిలేస్తే ఒంటి మీద ఎక్కువ చోట్ల అది కాగితమంత మందమే. దాని కింద ఉన్న లోపలి పొర మందంగా, తోలులా ఉంటుంది. రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్ళు అన్నీ ఈ లోపలి పొరలోనే. పైపొర అట్టడుగున, రెండు పొరలూ కలిసే చోట ఒక వరస కణాలు ఉంటాయి. వాటిలో కొన్ని మూలకణాలు. మీరు విన్న స్టెమ్ సెల్స్ అన్న మాటకి తెలుగే మూలకణాలు. ఇవి ఒక్కోటీ రెండుగా విడిపోతూ ఉంటాయి. అలా పుట్టిన కణాల్లో కొన్ని అక్కడే ఉండి మళ్ళీ మళ్ళీ విడిపోతాయి, కొన్ని పైకి బయల్దేరతాయి. పైకి వెళ్ళే కొద్దీ కెరాటిన్ అనే గట్టి పదార్థంతో నిండి, చదునైపోయి, చచ్చి, చివరికి రేకులుగా రాలిపోతాయి. అడుగు నుంచి పైకి చేరి రాలిపోవడానికి మనుషుల్లో దాదాపు నెల, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. పండగ నాడు పిల్లలకి నలుగు పెట్టి రుద్దితే రాలేదాంట్లో మట్టితో పాటు ఈ రేకులూ ఉంటాయి. మీ పాప పైచర్మం ఏడాదిలో ఎన్నోసార్లు కొత్తదవుతుంది. కాలినా కాలకపోయినా ఆ పని ఆగదు.

మూలకణాలు ఆ ఒక్క చోటే ఉండి ఉంటే మెడ కూడా అంత త్వరగా మానేది కాదు. వాటికి ఇంకా లోతులో మరో నివాసం ఉంది, అది వెంట్రుక కుదురు. పైపొరే ఒక సన్నటి గొట్టంలా లోపలి పొరలోకి దిగి వెంట్రుకను చుట్టుకుని ఉంటుంది. చలి వేసినప్పుడు రోమాన్ని నిక్కబొడిపించే చిన్న కండరం ఆ గొట్టానికి ఎక్కడ అతుక్కుంటుందో, సరిగ్గా అక్కడ ఒక ఉబ్బు ఉంటుంది. వెంట్రుకను పుట్టించే మూలకణాలు వెంట్రుక అడుగున ఉన్న గడ్డలోనే ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. 1990లో జార్జ్ కోట్సరెలిస్, టుంగ్ టియన్ సన్, రాబర్ట్ లావ్కర్ ఎలుకల కణాలకు గుర్తు వేసి చూశారు. తరచూ విడిపోయే కణాల్లో ఆ గుర్తు పలచబడి మాయమవుతుంది, అరుదుగా విడిపోయేవాటిలో చాలాకాలం నిలుస్తుంది. చివరికి గుర్తు మిగిలింది అడుగు గడ్డలో కాదు, ఆ ఉబ్బులో. మామూలు రోజుల్లో ఆ కణాలు తీరిగ్గా ఉంటాయి, వెంట్రుక కొత్తగా పెరగాల్సినప్పుడు మేలుకుంటాయి. పైన గాయమైతే కుదురులోని కణాలు గొట్టం వెంట పైకి పాకి వచ్చి ఖాళీని కప్పుతాయి. చెమట గొట్టాల గోడల్లో ఉన్న కణాలూ ఆ పనిలో చేయి వేస్తాయి.

ఇప్పుడు పాప మెడ దగ్గరికి రండి. అక్కడ గంజి చింది కారిపోయింది. పైపొర పోయింది, లోపలి పొరలో కొంచెం దెబ్బతింది, కానీ కుదుళ్ళు బతికాయి. మీ వైపు చెరకు కొట్టేశాక మోళ్ళ నుంచి కార్శి తోట లేస్తుంది కదా, అలాగే ప్రతి కుదురు నుంచీ కొత్త చర్మం లేచింది. వందల చోట్ల నుంచి ఒకేసారి పాకి ఒకదాన్నొకటి కలుసుకుంది. అందుకే పన్నెండు రోజులు చాలాయి.

చేతి మీద కథ వేరు. గంజి నీళ్ళలా జారిపోదు, చిక్కగా అంటుకుని వేడిని పట్టి ఉంచుతుంది. గౌను చేతులు కూడా దాన్ని ఒంటికి అదిమి పెట్టి ఉంటాయి. పైగా చిన్నపిల్లల చర్మం మనకంటే పలచన. వేడి లోపలి పొర లోతుదాకా దిగి కుదుళ్ళనే చంపేసింది. మోళ్ళతో సహా కాలిన తోటలో కార్శి లేవదు. ఇక కొత్త చర్మం గాయం అంచుల నుంచి మాత్రమే పాకి రావాలి. అంత వెడల్పు గాయానికి అది చాలా ఆలస్యం. మూడు వారాలకీ మానని గాయాన్ని అలా వదిలేస్తే లోపల గట్టి మచ్చ కండ పేరుకుని చేయి ముడుచుకుపోతుంది. మీ డాక్టర్లు మూడో వారంలో ఆపరేషన్ చేయడం సరైన పని.

తొడ మానడంలో ఆశ్చర్యం లేదు, అలా మానేటట్టుగానే చర్మం తీస్తారు. ప్రత్యేకమైన కత్తితో మిల్లీమీటరులో పావు వంతు అటూ ఇటూ మందంలో, పైపొరనీ లోపలి పొరలో కొద్ది భాగాన్నీ చెక్కు తీసినట్టు తీస్తారు. కుదుళ్ళ కింది భాగాలు తొడలోనే ఉండిపోతాయి. మెడ ఎలా మానిందో తొడ అలాగే మానింది. కొందరు పిల్లలకి తల మీద నుంచి కూడా చర్మం తీస్తాం. అక్కడ కుదుళ్ళు దట్టంగా ఉంటాయి కాబట్టి ఇంకా త్వరగా మానుతుంది, తర్వాత జుట్టు పెరిగి కప్పేస్తుంది. ఇది చూసిన ప్రతిసారీ నాకు ఈ శరీరం మీద గౌరవం పెరుగుతుంది.

ఇదే లెక్క ప్రకారం, చేతికి వేసిన ఆ పలచటి పొరతో మూలకణాలు వచ్చాయి గానీ కుదుళ్ళు పూర్తిగా రాలేదు. కాబట్టి చేతి మీద చర్మం జీవితాంతం తనను తాను కొత్తది చేసుకుంటూనే ఉంటుంది, వెంట్రుకలూ చెమటా మాత్రం దాదాపు ఉండవు. దీన్ని మీకు ఇప్పుడే సూటిగా చెప్పడం మంచిదనిపించింది.

తొడ మీద నల్ల చుక్కల గురించి భయం వద్దు, అవి మంచి గుర్తు. చర్మానికి రంగునిచ్చే కణాలకు కూడా మూలకణాలు ఉంటాయి, వాటి చోటు కూడా ఆ వెంట్రుక కుదురులోని ఉబ్బే. 2002లో ఎమి నిషిమురా, సహచరులు ఎలుకల్లో దీన్ని చూపించారు. మానిన చోట మొదట తెల్లగా ఉండటం మామూలే. రంగు కణాలు కుదురు నుంచి పైకి వచ్చి వెంట్రుక చుట్టూ చుక్కలా మొదలై, మెల్లగా పరుచుకుంటాయి. బొల్లి మచ్చకు వైద్యం పని చేస్తున్నప్పుడు కూడా రంగు ఇలా చుక్కలు చుక్కలుగానే తిరిగి వస్తుంది. కొన్ని నెలల్లో ఆ చుక్కలు కలుస్తాయి. రంగులో కాస్త తేడా మిగలొచ్చు.

టూత్‌పేస్ట్ గురించి మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. ఇంత లోతు గాయం గంజి వేడి వల్ల అయింది, పేస్ట్ వల్ల కాదు. కానీ కాలిన వెంటనే చేయాల్సింది ఒక్కటే, కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు ఉంచడం. పేస్ట్, పసుపు, ఐసు, సిరా ఏదీ వద్దు. ఇరుగుపొరుగుకీ చెప్పండి, వంటింట్లో గంజి వార్చే ప్రతి ఇంటికీ ఇది కావాలి.

ఇక మీ అత్తగారు ఇస్తానన్న చర్మం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరపు ఆసుపత్రిలో ఒళ్ళు కాలిన ఒక యువతికి టామ్ గిబ్సన్ అనే సర్జన్, పీటర్ మెడవార్ అనే శాస్త్రవేత్త ఆమె సోదరుడి చర్మపు ముక్కలు అతికించారు. మొదట పట్టుకున్నట్టే పట్టుకుని తర్వాత అవి కరిగిపోయాయి. రెండోసారి మళ్ళీ సోదరుడివే వేస్తే ఇంకా త్వరగా పోయాయి. ఒకసారి చూసిన పరాయి కణాన్ని శరీరం గుర్తుపెట్టుకుంటుందని అలా తేలింది. 1943లో వాళ్ళు దీన్ని ప్రచురించారు, ఈ దారిలో సాగిన పనికే 1960లో మెడవార్‌కి నోబెల్ వచ్చింది. సొంత సోదరుడి చర్మమే నిలవలేదు. అచ్చంగా ఒకే పోలిక ఉన్న కవల అయితే తప్ప ఎవరి చర్మమూ మరొకరికి శాశ్వతంగా పట్టదు. మీ డాక్టర్లు వద్దన్నది ఆవిడ వయసు చూసి కాదు, మీరు ఇస్తానన్నా అదే చెప్పేవారు.

క్లినిక్ వాళ్ళ మాట దగ్గరికి వస్తాను. చర్మపు మూలకణాలతో నిజమైన వైద్యం ఉంది, అది ఎంత కష్టపడితే వచ్చిందో వినండి. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హోవర్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ 1975లో మనిషి చర్మపు కణాలను గాజు పాత్రలో పెంచే పద్ధతి కనిపెట్టారు. ఒంటరిగా పెడితే ఆ కణాలు బతికేవి కావు. విడిపోకుండా ఆపేసిన ఎలుక కణాలను అడుగున పరిచి, వాటి ఆసరాతో పెంచారు. 1983లో వయోమింగ్ రాష్ట్రంలో ఐదేళ్ళ, ఆరేళ్ళ అన్నదమ్ములిద్దరికి ఒళ్ళు 95 శాతానికి పైగా కాలిపోయింది. తీయడానికి తొడ చర్మం కూడా మిగల్లేదు. మిగిలిన చిన్న ముక్క నుంచి కణాలు తీసి, పలచటి పొరలుగా పెంచి, ఆ పిల్లల ఒంటిని దాదాపు సగం దాకా కప్పారు. ఇద్దరూ బతికారు. ఆ రోజుల్లో అంత కాలినవాళ్ళు బతకడం దాదాపు అసాధ్యం.

ఇంకొకటి, నాకు మరీ ఇష్టమైనది. సిరియా నుంచి జర్మనీ వచ్చిన ఒక ఏడేళ్ళ బాబుకి పుట్టుకతోనే ఒక చర్మరోగం. రెండు పొరలనూ అతికించి ఉంచే ప్రోటీన్ తయారు చేసే జన్యువులో లోపం, తాకితే చాలు చర్మం ఊడి వచ్చేస్తుంది. 2015లో బోకుమ్ నగరంలో ఆ బాబు చావుకు దగ్గరగా ఉన్నప్పుడు, ఇటలీలోని మోడెనా విశ్వవిద్యాలయం నుంచి మికెలె డి లూకా బృందం ముందుకొచ్చింది. బాబు చర్మం కొద్దిగా తీసుకుని, ఆ కణాల్లో సరైన జన్యువు చేర్చి, పొరలుగా పెంచి, ఒంటి మీద దాదాపు 80 శాతం పైచర్మాన్ని మార్చారు. 2017లో ఫలితాలు ప్రచురించినప్పుడు ఇంకో ముఖ్యమైన విషయం చెప్పారు. వేసిన కోట్ల కణాల్లో చాలావరకు కొన్ని నెలల్లో రాలిపోయాయి. ఆ కొత్త చర్మాన్నంతా నిలబెట్టింది కొద్దిపాటి అసలు మూలకణాలే.

ఇంత గొప్ప పనిలో కూడా మూడు సంగతులు గమనించండి. వాడింది రోగి సొంత కణాలు. వాటిని పొరగా పరిచి గాయం మీద వేశారు, సూదితో మచ్చలోకి ఎక్కించలేదు. అలా వచ్చిన చర్మంలో కూడా వెంట్రుకలు, చెమట గ్రంథులు రాలేదు. ప్రపంచంలో ఈ పని అందరికంటే బాగా తెలిసినవాళ్ళు తేలేనిదాన్ని ఆరు ఇంజెక్షన్లలో తెస్తామంటే మనం నమ్మకూడదు.

వాళ్ళు చూపించిన ఎలుక నిజమే అయి ఉండొచ్చు. ఎలుక ఒంటి నిండా దట్టంగా వెంట్రుకలే, అంటే అడుగడుగునా మూలకణాల కుదుళ్ళే. చర్మం కింద పలచటి కండరపు పొర ఉండటం వల్ల గాయాన్ని చాలావరకు ముడిచేసి మూసేస్తుంది. మన ఒంటి మీద అలాంటి పొర దాదాపు లేదు. పెద్ద గాయం మధ్యలో ఎలుకకి కొత్త వెంట్రుకలు పుట్టడం 2007లో చూశారు. ఆఫ్రికాలో ఉండే ముళ్ళ ఎలుక ఒకటి ఇంకా చిత్రమైనది, శత్రువు పట్టుకుంటే చర్మం వదిలేసి పారిపోతుంది, తర్వాత వెంట్రుకలతో సహా మళ్ళీ పెంచుకుంటుంది. మనిషి చర్మం అలా చేయదు. త్వరగా మూసేయడానికి మచ్చ వేసుకుంటుంది. ఆ తేడా ఎందుకో తెలుసుకోవడానికే పరిశోధన జరుగుతోంది. వైద్యం ఇంకా రాలేదు.

మన దేశంలో నియమం కూడా తెలుసుకోండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలు అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో, అంటే వైద్యం పని చేస్తుందో లేదో చూసే పరీక్షలో, మాత్రమే చేయాలి. ఆ క్లినిక్‌ని ఒక్క మాట అడగండి, ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వమని. ఇంకా పరీక్షలో ఉన్న మందుకి రోగి చేత లక్షలు కట్టించడమే అనుమానించాల్సిన విషయం. స్టెమ్ సెల్ అన్న మాటే అబద్ధమని నా ఉద్దేశం కాదు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, సున్నం లాంటివి పడి కంటి నల్లగుడ్డు పైపొర పోయినవాళ్ళకి, బాగున్న కంటి అంచు నుంచి మూలకణాలున్న చిన్న ముక్క తీసి, ముక్కలు చేసి అతికించే పద్ధతిని వీరేందర్ సంగ్వాన్, సహచరులు 2012లో ప్రకటించారు. దాంతో ఎందరికో చూపు వచ్చింది. అసలు వైద్యం అలా ఉంటుంది, ఏం చేస్తున్నారో, ఎవరికి పని చేసిందో, ఎవరికి చేయలేదో అందరి ముందూ పెడుతుంది.

గాజులు దాచుకోండి అన్నాను. కొంత డబ్బు నిజంగా ఖర్చు పెట్టాల్సిన చోటు ఉంది. మోచేయి చాచలేకపోతోందని రాశారు, మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది అదే. చేతిని కప్పింది మూలకణాలే గానీ దాని కింద లోపలి పొరను అవి కట్టలేవు. అక్కడ మచ్చ కండ చేరింది, అది ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా బిగుసుకుంటూనే ఉంటుంది. ఆ బిగువు మీద ఇప్పుడు పని చేస్తే ఫలితం ఉంటుంది, ఏడాది పోయాక కష్టం. ఈ వారంలోనే ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఫిజియోథెరపీ రాయించుకోండి, రాత్రి పూట మోచేయి చాచి ఉంచే పట్టీ అడగండి. కొలిచి కుట్టే ప్రెషర్ గార్మెంట్, అంటే మచ్చను అదిమి ఉంచే బిగుతు తొడుగు, రోజుకి 23 గంటలు ఉండాలి, స్నానానికే తీయాలి. పిల్ల ఎదుగుతుంటే కొన్ని నెలలకోసారి కొత్తది కావాలి. సిలికాన్ షీట్ వాడొచ్చేమో కూడా అడగండి. మచ్చ పిల్లతో సమానంగా పెరగదు కాబట్టి ఎప్పుడో ఒకసారి బిగువు వదిలించే చిన్న ఆపరేషన్ కావాల్సి రావచ్చు. అలా వస్తే మీరు ఏదో తప్పు చేశారని అనుకోకండి.

దురదకు పొడితనం ఒక కారణం, నూనె గ్రంథులు పోయాయి కదా. గోళ్ళు కత్తిరించండి, నూలు బట్టలే వేయండి, నిద్ర పట్టనంత ఉంటే మందు ఉంది, డాక్టరుని అడగండి. ఎండలో ఆ చేయి కప్పి ఉంచాలి. చెమట పట్టని చోటు ఉంది కాబట్టి వేసవిలో పాపను నీడ పట్టున ఆడించండి, నీళ్ళు ఎక్కువ తాగించండి. గుడ్డు, పప్పు, పెరుగు రోజూ ఉండాలి.

మీ అత్తగారితో ఒక మాట చెప్పండి. ఆవిడ చర్మం పాపకి పట్టదు గానీ, చనిపోయాక ఇచ్చే చర్మం చాలా కాలినవాళ్ళ గాయాల మీద కొన్ని వారాల పాటు కప్పులా ఉండి, సొంత చర్మం సిద్ధమయ్యేదాకా ప్రాణం నిలబెడుతుంది. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో అలాంటి స్కిన్ బ్యాంక్ పెట్టారు. ఇష్టమైతే ఆవిడ పేరు రాయించుకోవచ్చు, అది తర్వాతి మాట. ఇప్పుడు ఆవిడ చేతులు కావాలి. పాప చేతికి కొబ్బరినూనె రాసి రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు, బొటనవేలితో కాస్త గట్టిగా గుండ్రంగా మర్దన చేయాలి. పుండుగా ఉన్న చోట, పొక్కు వచ్చిన చోట వద్దు. ఎంత గట్టిగా నొక్కాలో ఫిజియోథెరపిస్ట్ చూపిస్తారు. మీరు వెళ్ళేటప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్ళి, ఆ పని ఆవిడకే నేర్పించమనండి.